పోలమ్మ అంగిలి

నేను ఒక దవడను. కంగారు పడకండి, ఎవరి మొహంలోంచీ ఊడి రాలేదు. ఇత్తడి, అల్యూమినియం, కొంచెం ఉక్కు కలిపి చేసిన మర దవడను. పుస్తకాల్లో నా పేరు ఆర్టిక్యులేటర్. పళ్ల డాక్టరీ చదివే పిల్లలు మామూలు రోజుల్లో ఆ పేరుతోనే పిలుస్తారు, పరీక్షల ముందు మాత్రం నోటికొచ్చిన పేర్లు పెడతారు. కట్టుడు పళ్లు ఒక పూటలో తయారయ్యేవి కావు. అన్ని రోజులూ మనిషిని కుర్చీలో నోరు తెరిపించి కూర్చోబెట్టలేరు కదా. అందుకని ఆ మనిషి తన దవడల కొలతలు ఇచ్చి ఇంటికి పోతాడు. అతని బదులు నేను నోరు తెరుచుకుని కూర్చుంటాను.

నా ఒంట్లో పెద్ద రహస్యాలేమీ లేవు. పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి. కింది చేతికి వెనకవైపు రెండు గుండ్లు, పై చేతికి ఆ గుండ్లు జారే రెండు గాళ్లు. మీ చెవి ముందు వేలు ఆనించి ఒకసారి నోరు తెరిచి చూడండి, అక్కడ కదిలేదేదో నా దగ్గరా అదే కదులుతుంది. ముందువైపు నిలువుగా ఒక పిన్ను ఉంటుంది. దాని మొన కింద చిన్న బల్ల మీద ఆనుతుంది. చూడ్డానికి అది ఉత్త పుల్లే గానీ, నాలో అన్నిటికన్నా పెద్ద మనిషి అదే. పళ్లు పోయిన వాళ్ల ముక్కూ గడ్డమూ దగ్గరికొచ్చేస్తాయి చూడండి, ఆ ఎత్తు పోకుండా పట్టుకుని నిలబడేది ఈ పిన్నే. దాన్ని సున్నా గీత దగ్గర బిగించారంటే, ఇక మనిషి ఎత్తు నా పూచీ.

మా వంశంలో నాలుగు శాఖలున్నాయి. మొదటిది మడతబందు శాఖ. తలుపు బందులాగా తెరుచుకోవడం, మూసుకోవడం తప్ప దానికి ఇంకేమీ రాదు. నమిలేటప్పుడు దవడ పక్కకి జరుగుతుందని కూడా దానికి తెలియదు, చెప్పినా నమ్మదు. రెండోది సగటు శాఖ. బోలెడు మంది దవడలు కొలిచి, సగటు తీసి, ఆ కొలతలతో దాన్ని పోత పోశారట. ఆ సగటు మనిషి ఎవరో నేనింతవరకూ చూడలేదు. మూడోది మాది, సగం సర్దుబాటు శాఖ. ఎదురుగా ఉన్న మనిషిని బట్టి మా వాలు కొంత మార్చుకుంటాం. నాలుగోది పూర్తి సర్దుబాటు శాఖ. మా కాలేజీలో ఆ పెద్దాయన అద్దాల బీరువాలో ఉంటాడు. తనిఖీ వాళ్లొచ్చిన రోజున బయటికి తీసి తుడుస్తారు, మర్నాడు మళ్లీ లోపల పెట్టి తాళం వేస్తారు. పని చేయకపోతే ఎంత గౌరవమో ఆయన్ని చూసి తెలుసుకోవాలి.

నేను పుట్టింది ఉత్తరాదిన, ఒక ఇరుకు వీధిలోని చిన్న కార్ఖానాలో. నా గుండ్లను తోడినాయన వాటిని చెవి దగ్గర పెట్టుకుని తిప్పి చూసేవాడు. గరగర వినిపిస్తే మళ్లీ తోడేవాడు. వెయ్యి దవడలు చేసిన ఆ మహానుభావుడికి ముందు పళ్లు రెండూ లేవు, పెట్టించుకోవడానికి తీరిక దొరకలేదట. అక్కణ్ణించి రైలెక్కి విశాఖపట్నం వచ్చాను. పై చదువు చదివే డాక్టరమ్మ ఒకావిడ కొనుక్కుంది. కొన్న రోజునే పళ్లు అరగదీసే సూదితో నా అడుగున తన పేరు చెక్కింది. చదువు అయిపోయి వెళ్లేటప్పుడు నన్ను తన తర్వాతి వాళ్లకి అమ్మింది. అది అక్కడి ఆచారం. అలా నా అడుగున మూడు పేర్లు చేరాయి. మూడోది డాక్టర్ నస్రీన్.

డాక్టర్లు నన్ను కొన్నారు గానీ నన్ను వాడింది మాత్రం ధర్మారావు. ల్యాబులో టెక్నీషియను. ఇరవై ఏళ్ల ప్లాస్టర్ దుమ్ము అతని కనుబొమ్మల్లో స్థిరపడిపోయింది. భీమిలి అవతల సముద్రం పక్క ఊరివాడు. డాక్టర్లు పంపిన కొలతల్లో తప్పుంటే పైకి ఏమీ అనడు, తనే సరిచేసి పెట్టి, 'మీ కొలత బాగుందండి మేడమ్' అంటాడు. ఎవరి తప్పయినా నోరు మెదపకుండా సర్దిపెట్టడం అతనికి అలవాటు. అది మంచితనమని అందరూ అనేవారు, నేనూ అనుకున్నాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ మంచితనం సంగతే.

మైలపల్లి పోలమ్మ మొదటిసారి వచ్చిననాటికి ఆమె అంగిలి సగం లేదు. ఆ తీరంలో ఆడవాళ్లకి అడ్డపొగ అలవాటు. అంటే చుట్టని నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదని, ముఖం వెచ్చగా ఉంటుందని చెబుతారు. తల్లి దగ్గర కూతురు నేర్చుకుంటుంది. ఏళ్ల తరబడి ఆ సెగ అంగిలిని కాల్చి కాల్చి చివరికి పుండు చేస్తుంది. పోలమ్మకి అది కేన్సరయింది. పెద్దాసుపత్రిలో కుడివైపు అంగిలి, పళ్లతో సహా తీసేశారు. ప్రాణం దక్కింది. నోటికీ ముక్కుకీ మధ్య గోడ పోయింది. తాగిన గంజి ముక్కులోంచి వచ్చేది, అన్న మాట కూడా ముక్కులోకే పోయేది. 'పడవ' అంటే 'మనవ' అన్నట్టు వినిపించేది. క, గ, చ, స ఉత్త గాలి అయిపోయేవి. అన్ని మాటల్లోకీ ఒక్క 'మావా' మాత్రం ఎలా పలకాలో అలా పలికేది. ఆ మాటకి ముక్కు అడ్డం రాదు.

ఆ మావ ఎర్రయ్య. ఆమె కొంగు చివర పట్టుకుని వెనకాలే వచ్చేవాడు. ఒకప్పుడు తెప్ప మీద సముద్రంలోకి పోయినవాడు. నీటికాసులొచ్చి రెండు కళ్లూ పోయాయి. పిల్లల్లేరు. అప్పట్నించీ రోజూ తెల్లారి పోలమ్మ అతన్ని ఒడ్డున కూర్చోబెట్టి సముద్రం ఎలా ఉందో చెప్పేదట. నీటి రంగు, గాలి వాలు, ఎవరి పడవ ఎంత దూరాన ఉంది, ఏ వలలో చేపలు పడ్డాయి, అన్నీ. కళ్లు పోయి తొమ్మిదేళ్లయినా ఎర్రయ్యకి సముద్రం పోలేదు. ఆమె అంగిలితో పాటే అది పోయింది. ఇప్పుడామె చెప్పేది అతనికి ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. మాటిమాటికీ 'ఏటే? ఏటన్నావే?' అని అడిగి అడిగి, ఆమె ఏడుస్తుందని అడగడం మానేశాడు.

ఈ సంగతంతా ధర్మారావుకి ఎర్రయ్యే చెప్పాడు. పక్క పక్క ఊళ్ల వాళ్లు కావడంతో మొదటి రోజే వరసలు కలిసిపోయాయి. పోలమ్మ అక్క వరసన అప్పయింది, ఎర్రయ్య బావయ్యాడు.

"తిండి సంగతి ఒగ్గీ తమ్ముడా," అన్నాడు ఎర్రయ్య. "గెంజైనా తాగి బతుకుతాది. దాని మాట నాకు తెప్పించీ. అంతకన్నా నాకేటొద్దు."

డాక్టర్ నస్రీన్ ఆ పని నాకు అప్పగించింది. ఫేస్‌బో అనే విల్లులాంటి కమ్మీని పోలమ్మ చెవులకు తగిలించి, ఆమె పైదవడ చెవులకి ఎంత దూరంలో, ఎంత వాలులో ఉందో కొలిచింది. ఆ కొలతను అలాగే తెచ్చి నాకు తగిలించారు. ధర్మారావు ఆమె నోటి అచ్చులు ప్లాస్టర్‌తో నా రెండు చేతులకీ అతికించాడు. నా పై చేతికి అతుక్కున్న ఆ అచ్చులో, కుడివైపు, నిమ్మకాయ పట్టేంత గుంట ఉంది. అంతకు ముందు బోసి నోళ్లు చాలా మోశాను, అరిగిన నోళ్లు మోశాను. గుంట ఉన్న నోరు మోయడం అదే మొదలు. నా గుండ్ల వాలు ఆమె దవడ వాలుకి తిప్పి బిగించాక నేను ఇత్తడి దవడను కాను, పోలమ్మనే.

ధర్మారావు మైనంతో అంగిలి కట్టాడు, పళ్లు పేర్చాడు, గుంటలో కూర్చునే భాగాన్ని బరువు లేకుండా లోపల డొల్లగా చేశాడు. రోజుకి వందసార్లు నన్ను తెరిచాడు, మూశాడు, పక్కలకి జరిపాడు. చివరికి గులాబీ రంగు ప్లాస్టిక్‌లో దాన్ని తయారు చేసి, పామి పామి అద్దంలా మెరిపించాడు. ఏడాది దాకా ఆనవాలు ఉండాలని ఆమె అచ్చుకి నకలు తీసి, దాన్ని నా మీదే ఉంచాడు.

పెట్టిన రోజున నన్ను కూడా ట్రేలో పెట్టుకుని కుర్చీ దగ్గరికి తీసుకెళ్లాడు. నస్రీన్ ఆ అంగిలిని పోలమ్మ నోట్లో కూర్చోబెట్టి, "ఏదైనా మాట్లాడండమ్మా, మీ ఆయన పేరు చెప్పండి" అంది.

పోలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. నస్రీన్ కంగారుపడి మళ్లీ అడిగింది. ధర్మారావు నవ్వాపుకుంటూ, "ఆ పేరు మాత్రం ఆవిడ పలకదండి మేడమ్. అంగిలి ప్లేటు తప్పేం లేదు" అన్నాడు.

అప్పుడు పోలమ్మ తల తిప్పి కిటికీలోంచి బయటికి చూసింది. "మావా," అంది. "కిటికీ అవతల కొబ్బరి సెట్టుంది. దాని మీద కాకి కూకుంది. దాని ముక్కులో పుల్లుంది."

ప్రతి అక్షరమూ వచ్చింది. ఎర్రయ్య లేచి నిలబడ్డాడు. చేతులు గాల్లో ఆడించి ఆమె భుజం దొరికించుకున్నాడు.

"ఏ పక్కకి సూస్తందే?"

"సముద్రం పక్కకే."

ముసలాయన ఆ కుర్చీ పక్కనే కూలబడి ఏడ్చాడు. నస్రీన్ కుళాయి దగ్గరికి పోయి అప్పుడే కడిగిన చేతులు మళ్లీ కడుక్కుంది. నేను ట్రేలో కూర్చుని గర్వపడ్డాను. ఉన్న మాట చెప్పాలంటే, ఆ రోజు నాకు నాలుక లేదన్న దిగులు కూడా లేదు.

వెళ్లే ముందు నస్రీన్ జాగ్రత్తలు చెప్పింది. రాత్రి తీసి నీళ్లలో వెయ్యాలి, తిన్నాక కడగాలి, నెలకోసారి రావాలి. ఆఖరున వేలు చూపించి, "మళ్లీ చుట్ట ముట్టుకున్నారని తెలిస్తే ఇది పట్టుకుని నా దగ్గరికి రావద్దు" అంది. ప్రేమకొద్దీ అన్న మాటే. పోలమ్మ బుద్ధిగా తల ఊపింది.

మూడో నెలలో పోలమ్మ డాక్టరు గదికి పోకుండా వెనక వైపు తిరిగి నేరుగా ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చింది. అంగిలి తీసి కొంగుతో తుడిచి ధర్మారావు చేతికిచ్చింది. నాలుక వైపు, సరిగ్గా మధ్యలో, చింతగింజంత మేర గోధుమరంగు మచ్చ. మచ్చ మీద సన్నటి పొక్కులు. ధర్మారావు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ ఆమె చేతికే ఇచ్చాడు.

"పెట్టుకుని మాటాడప్పా. ఏటిది?"

"పప్పు మరకై ఉంతాది."

"పప్పు మరక పొక్కుతాదేటి?"

ఆమె తలుపు వైపు చూసింది. "డాకటరమ్మకి సెప్పకు తమ్ముడా. ఇది తీసీసుకుంతాది. నా మాట పోతాది."

"మళ్లీ ఎందుకు మొదలెట్టినావు? అన్నీ తెలిసీ?"

అప్పుడు పోలమ్మ చెప్పిన జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. నిజంగా ఆశ్చర్యపోయి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. "నా అంగుడు కోసీసినారు కదా. ఇది పిలాస్టీకే కదా. కాలితే ఇది కాల్తాది, నాకేటవుతాది? దీనికి నొప్పా, పుండా? నా అంగుడు ఉన్నప్పుడే బయం గానీ ఇప్పుడేటి బయం?"

కడగడం చెప్పారు, నానబెట్టడం చెప్పారు, రావద్దని బెదిరించారు. ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తట్టలేదు. ఆమె ఇన్నాళ్లూ దాన్ని ఒక కవచం అనుకుంటోంది.

అతను చెప్పాడు, నేను అబద్ధం ఆడను. ప్లాస్టిక్ చుట్టూ ఉన్నది నీ కండేనని, పొగకి అదీ ఇదీ తేడా తెలియదని, మళ్లీ పుండు పడితే ఇంకేమీ మిగలదని నా పై చేతికున్న అచ్చు చూపించి మరీ చెప్పాడు. ఆమె డాక్టర్ల ముందు ఊపినట్టే తల ఊపింది. తర్వాత అతను చక్రం మీద పాలిష్ పెట్టి ఆ మచ్చ పోగొట్టాడు. పది నిమిషాల్లో అంగిలి మళ్లీ కొత్తదయింది. దాన్ని పెట్టుకుని ఆమె ముందు తలుపు నుంచి డాక్టరు గదికి వెళ్లింది. నస్రీన్ చూసి, "ఎంత శుభ్రంగా ఉంచుకున్నారమ్మా!" అని మెచ్చుకుందట. ఆ మాట ఇటువచ్చి చెప్పి పోలమ్మ నవ్వింది. ధర్మారావు కూడా నవ్వాడు.

నాకెందుకో నవ్వు రాలేదు. నేను మెదిలితే నిజమే మెదులుతాను, ఎత్తు తప్పితే పిన్ను బల్లకి ఆనదు, ఎవరైనా చూడొచ్చు. మచ్చ సంగతి చెప్పడానికి మాత్రం నాలో ఏ మరా పెట్టలేదు.

రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి మచ్చ లోతుగా ఉంది. పాలిష్‌కి పోలేదు. పై పొర అరగదీసి, కొత్త ప్లాస్టిక్ వేసి, నా మీద పెట్టి ఎత్తు సరిచూసి ఇచ్చాడు. కోప్పడ్డాడు, బతిమాలాడు. "బావకైనా తెలుసా?" అని అడిగాడు. "మావకి కళ్లేయి?" అంది. ఇంకోసారి వచ్చింది. ఇంకోసారి చేసిపెట్టాడు. ఆమె మాట పోకూడదని చేశాడు. డాక్టరమ్మ తిడితే పోలమ్మ ఇక ఆసుపత్రి వైపే రాదని భయపడ్డాడు. ఒక్కోసారి ఖాళీగా ఉన్నప్పుడు నా పిన్ను బిగించి, వదులు చేసి, మళ్లీ బిగిస్తూ ఆలోచిస్తుండేవాడు. డాక్టరు గదికి ల్యాబుకి మధ్య ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులూ అతను నడవలేదు.

వానలు వెనకబట్టాక పోలమ్మ నాలుగోసారి కిటికీ దగ్గరికి వచ్చింది. అంగిలి చేతిలో ఉంది, నోట్లో లేదు. ముక్కుతో ఏదో అంది. ధర్మారావుకి అర్థం కాలేదు. పెట్టుకోబోయి చూపించింది. సగం వరకే ఎక్కి ఆగిపోతోంది. వంకర పోయిందని చేతులతో సైగ చేసింది.

ధర్మారావు దాన్ని తీసుకొచ్చి నా మీదున్న అచ్చుకి పెట్టాడు. గుంటలో సరిగ్గా కూర్చుంది. వెంట్రుకవాసి కదల్లేదు. నన్ను మూశాడు. పళ్లన్నీ కలిశాయి, పిన్ను మొన బల్ల మీద ఆనింది, సున్నా గీత సున్నా దగ్గరే ఉంది. తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ అంతే. మూడోసారి పెట్టి, నా పై చేతి మీద రెండు చేతులూ ఆనించి అలాగే నిలబడిపోయాడు.

ప్లేటు వంకర పోలేదు. నా మీద సరిపోయింది, ఆమెకి సరిపోలేదు. అంటే నోరే మారింది. గుంటలో ఏదో పెరుగుతోంది. నేను చెప్పగలిగిన నిజం అదొక్కటే. ఆలస్యంగా చెప్పాను.

అప్పుడు నడిచాడు ఆ ఇరవై అడుగులూ. నస్రీన్‌ని ల్యాబుకి పిలుచుకొచ్చి, నా ముందే నిలబడి మొత్తం చెప్పాడు. ఆమె అరుస్తుందనుకున్నాను.

"ఎన్నిసార్లు?" అంది.

"మూడుసార్లండి."

"నాకెందుకు చెప్పలేదు ధర్మారావుగారూ?"

"తీసీసుకుంటారని భయపడిందండి. నేనూ భయపడ్డానండి."

"రావద్దన్నది నేనే కదా," అని నస్రీన్ స్టూలు మీద కూర్చుండిపోయింది. చదువుకున్నవాళ్లు ఏడిస్తే చూడ్డానికి బాగుండదు, అద్దాలు తీసి తుడుచుకోవడానికే సగం సమయం పోతుంది.

పరీక్ష చేయించారు. ముక్క తీసి పంపారు. మళ్లీ అదే జబ్బు, ఈసారి కంటి అడుగు దాకా పాకింది. కొయ్యడానికి చోటు లేదన్నారు. రేడియేషన్ కరెంటు పెట్టించారు. అంగిలి పెట్టుకోవడానికి ఇక ఆఖరిదాకా కుదరలేదు. మాటలన్నీ మళ్లీ ముక్కులోకి పోయాయి. 'మావా' ఒక్కటే మిగిలిందట. మాఘమాసంలో ఒక తెల్లవారుజామున పోలమ్మ పోయింది. ఆ సంగతి ఎవరో ఫోన్ చేసి చెబితే ధర్మారావు ఆ రోజంతా పని చేశాడు. ఒక్క పన్ను కూడా సరిగ్గా పేర్చలేదు.

పని అయిపోయిన అచ్చుని చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి నా మీంచి ఊడగొడతారు. నాకు నొప్పి ఉండదు, ప్లాస్టర్ విరుగుతుంది, తర్వాతి నోటికి చోటవుతుంది. ధర్మారావు సుత్తి తీశాడు, మళ్లీ సొరుగులో పెట్టేశాడు. నస్రీన్ చదువు పూర్తయి వెళ్లిపోతూ నన్ను తర్వాతి వాళ్లకి అమ్మలేదు. "ఇక్కడే ఉండనివ్వండి" అని ధర్మారావుకి ఇచ్చేసింది. కొత్తగా వచ్చిన పిల్లలు దవడని కంప్యూటర్‌లోనే ఆడిస్తున్నారు, నా అవసరం వాళ్లకి పెద్దగా లేదు. పోలమ్మ నోటితో నేను అరలో కూర్చున్నాను.

వేసవి మొదట్లో ఎర్రయ్య వచ్చాడు. పక్కింటాయన గుమ్మం దాకా దింపి టీ తాగడానికి పోయాడు. కొంగు లేదు కాబట్టి ఎర్రయ్య గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. ధర్మారావు పరుగున పోయి చెయ్యి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టాడు. ముసలాయన పంచె ముడి విప్పి, గుడ్డలో చుట్టింది తీసి బల్ల మీద పెట్టాడు. అది పోలమ్మ అంగిలి.

"నిప్పెట్టినప్పుడు ఇది పక్కకి తీసి దాసినాను," అన్నాడు. "ఇంకెవులైనా ఆడకూతురు మాట్లేక తిరుగుతుంతాది కదా. ఆవిడికెట్టీ తమ్ముడా. బంగారంలాటి మాట ఇందులో ఉంది."

ధర్మారావు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. నాలుక వైపు మధ్యలో ఆఖరి మచ్చ అలాగే ఉంది.

"బావా, ఒక సంగతి చెప్పాల. ఇది కాల్తందని నాకు మొదట్నించీ తెలుసు. అప్ప తాగుతందని తెలుసు. నేనే మచ్చ పోగొట్టి, డాక్టరమ్మకి తెలీకుండా దాచినాను. నేను చెప్పుంటే..."

"నాకూ తెలుసు," అన్నాడు ఎర్రయ్య.

ధర్మారావు అంగిలిని బల్ల మీద పెట్టేశాడు.

"కళ్లు లేవు గానీ ముక్కు లేదేటి? పక్కనే కూకుని పీలిస్తే వాసన రాదా? సుట్ట తాగినాక అది నింపాదిగా కూకుని మాటాడీది. ఒకో వలా, ఒకో పడవా, సముద్రం అంతా సెప్పీది. ఒగ్గీమంటే ఆ మాట ఎక్కడ తగ్గిపోతాదో అని నాను నోరు మూసుకున్నాను." కాసేపు తన మోకాళ్లు తనే నిమురుకున్నాడు. "నీకన్నా నాను పాపిష్టోడ్ని తమ్ముడా."

నాకు గుండె లేదని నా పటం చూసిన ఎవరైనా చెప్పగలరు. అయినా ఆ పూట నాలో ఏదో విరిగింది, ఏ భాగమో చెప్పలేను.

"ఇది ఇంకెవరికీ సరిపడదు బావా," అన్నాడు ధర్మారావు చివరికి. "ఒకరి నోటికి చేసింది ఇంకొకరి నోట్లో కూచోదు."

ఎర్రయ్య మొహం వాడిపోయింది. "లోకంలో దేనికీ సరిపడదేటి?"

"ఒకదానికి సరిపడతాది."

నన్ను అరలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అంగిలిని నా పై చేతికున్న అచ్చులో కూర్చోబెట్టి, ముసలాయన చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు. ఆ వేళ్లు నా గుండ్లని, గాళ్లని, పిన్నుని దాటుకుంటూ పోయి పళ్ల దగ్గర ఆగాయి. ఒక్కో పన్నే తడిమాయి. కొంచెం వంకరగా పేర్చిన ముందు పన్ను దగ్గర చాలాసేపు ఉండిపోయాయి.

"ఇదే," అన్నాడు. "దాని నోరే ఇది. ఇది ఆడతాదా?"

"ఆడతాది. మాటాడదు బావా. ఉత్తినే తెరుచుకుంటాది, మూసుకుంటాది, అంతే."

"ఓపాలి ఆడించు."

ధర్మారావు నా పై చేతిని ఎత్తి వదిలాడు. పళ్లు కలిశాయి. టక్ మని చిన్న చప్పుడయింది.

ఎర్రయ్య ఆ చప్పుడు వచ్చిన వైపు తల వంచాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఒడ్డున కూర్చున్నట్టు సర్దుకుని కూర్చున్నాడు. నేను మళ్లీ తెరుచుకున్నాను. నా వాలు ఆమె వాలే, నా ఎత్తు ఆమె ఎత్తే, గుంట నిండి ఉంది, గాలి ముక్కులోకి పోయే దారి కూడా లేదు. ఒక్క మాట, కొబ్బరి చెట్టనో, కాకి అనో, నీళ్లు పచ్చగా ఉన్నాయనో, ఒక్క మాట చెప్పడానికి అన్నీ ఉన్నాయి నా దగ్గర. టక్ మని మూసుకున్నాను.

"ఊఁ," అన్నాడు ఎర్రయ్య.

ధర్మారావు చెయ్యి ఆగింది. ముసలాయన ఎదురుచూస్తున్నాడు. నన్ను మళ్లీ ఎత్తి వదిలాడు.

"ఊఁ," అన్నాడు ఎర్రయ్య.